చెప్పి వెళ్ళిన మనిషి

మా జిల్లా పేరు రాయాలంటే ముందు ఆయన పేరు రాయాలి. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. బ్యాంకు ఫారాల్లోనూ, పిల్లల అప్లికేషన్లలోనూ ఆ పేరు గళ్ళలో ఇమడదు. చివరి అక్షరాలు బయటికి పోతుంటాయి. మనం విసుక్కుంటాం. ఇక ఆ మనిషిని తలచుకునేది ఏడాదికి రెండే రెండుసార్లు. మార్చి 16న జయంతికి, డిసెంబరు 15న వర్ధంతికి. విగ్రహానికి దండ పడుతుంది. స్కూల్లో పిల్లలు 58 రోజుల నిరాహారదీక్ష అని బట్టీ పడతారు. డిగ్రీ చదివిన నేనూ ఆ అంకెను అలా బట్టీ పట్టినదాన్నే.

ఆ అంకె వెనక ఒక ఇల్లు ఉందనీ, ఆ ఇంట్లో ఒక మంచం, దాని చుట్టూ రాత్రింబవళ్ళు కూర్చున్న మనుషులూ ఉన్నారనీ నాకు తట్టింది మా అత్తయ్య పోయిన తరువాతే.

అత్తయ్యది మైపాడు దగ్గర పల్లె. రాత్రిళ్ళు సముద్రం హోరు వినబడకపోతే ఆవిడకి నిద్ర పట్టేది కాదు. మహా ముందుచూపు మనిషి. తన ఆఖరి చీర తనే కొనుక్కుని, అంచుకి పసుపు రాసి ట్రంకు పెట్టె అడుగున పెట్టుకుంది. కమ్మలు పెద్ద మనవరాలికి, గాజులు కూతురికి అని చెప్పింది. పెద్దకర్మకి ఎవరెవరిని పిలవాలో, ఎవరిని పిలవకపోయినా ఫరవాలేదో అదీ చెప్పింది. ఇన్ని చెప్పిన మనిషికి ఒక తెల్లవారుజామున పక్షవాతం వచ్చి స్పృహ తప్పింది. ఆస్పత్రిలో డాక్టరుగారు బయటికి వచ్చి, గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టమంటారా వద్దా అని అడిగితే మా ఇంట్లో ఒక్కరి దగ్గరా జవాబు లేదు.

బావగారు పెట్టమన్నారు. మావారు అమ్మను బాధపెట్టొద్దన్నారు. మా ఆడబిడ్డ గోడకి ఆనుకుని ఏడుస్తూ కూర్చుంది. కోడళ్ళం మేం నోరెత్తలేదు. ఏం మాట్లాడినా తప్పే అవుతుందని భయం. ఐసీయూ అద్దం బయట 19 రోజులు గడిచాయి. అత్తయ్య మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆ తరువాత ఏడాది పాటు అన్నదమ్ములిద్దరూ ఒకరి ఇంటికి ఒకరు సరిగ్గా వెళ్ళలేదు. డబ్బు తగాదా కాదు, పొలం తగాదా కాదు. అమ్మకి ఏది కావాలో నాకు తెలుసు అని ఇద్దరికీ పట్టుదల. అసలు తెలియదని ఇద్దరికీ లోలోపల బాధ.

ఆ ఏడే మా అమ్మాయికి స్కూల్లో పొట్టి శ్రీరాములు గారి మీద వక్తృత్వపు పోటీ పెట్టారు. రాసిపెట్టమ్మా అని నా కొంగు పట్టుకుంది. ఆయన జీవితం మళ్ళీ చదువుతూ కూర్చుంటే నా మనసు దీక్షలో ఉన్న మనిషి దగ్గర కాక, పక్కన కూర్చున్నవాళ్ళ దగ్గర ఆగిపోయింది. నా అనుభవం అలాంటిది మరి! ఆ జీవితాన్ని అటువైపు నుంచి ఒకసారి మీకూ చెప్పాలనిపించింది.

పుట్టిల్లు మద్రాసు, చదువు బొంబాయి

శ్రీరాములు గారు పుట్టింది 1901 మార్చి 16న, మద్రాసు జార్జిటౌనులోని అణ్ణాపిళ్ళె వీధిలో. తండ్రి గురవయ్య, తల్లి మహాలక్ష్మమ్మ. పూర్వీకులు నెల్లూరు సీమవాళ్ళు. కావలి దాటి సముద్రం వైపు వెళితే వచ్చే జువ్వలదిన్నెలో ఈనాటికీ ఆయన పేర స్మారక మందిరం ఉంది. ఏ మద్రాసు నగరం కోసమైతే ఆయన ప్రాణం పెట్టారో, అది ఆయనకి పటంలో చుక్క కాదు. పుట్టి పెరిగిన వీధి.

మద్రాసులో చదువు అయ్యాక బొంబాయి వెళ్ళి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగు చదివారు. మంచినీళ్ళు మనింటికి శుభ్రంగా రావడం, మురుగునీళ్ళు మనింటి నుంచి సవ్యంగా పోవడం... ఆ చదువు అదన్నమాట. తరువాత గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో దాదాపు నాలుగేళ్ళు ఉద్యోగం. ఆ రోజుల్లో రైల్వే ఉద్యోగమంటే మాటలా! పెళ్ళయింది. భార్య పేరు సీతమ్మ. ఆ ఇల్లు అలాగే సాగి ఉంటే ఆయన పింఛను తీసుకుంటూ, మనవల్ని ఎత్తుకుని, ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోయి ఉండేవారు.

సాగలేదు. 1920ల చివర్లో పుట్టిన బిడ్డ పోయింది. వెనకే సీతమ్మా పోయింది. ఆ కాలంలో పురిటి గది నుంచి ప్రాణాలతో బయటికి రాని ఆడవాళ్ళు ఎందరో! మన అమ్మమ్మల తరంలో ప్రతి ఇంటికీ అలాంటి కథ ఒకటి ఉండేది. సీతమ్మ గురించి చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం తరువాతే శ్రీరాములు గారి జీవితం మలుపు తిరిగింది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. తన వాటా ఆస్తిని తల్లికీ, అన్నదమ్ములకీ పంచేశారు. సబర్మతికి వెళ్ళి గాంధీజీ ఆశ్రమంలో చేరారు. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా లేవు.

ఒక్కటి గమనించండి. ఆయన ఇల్లు వదిలి వెళ్ళడంలో తొందరపాటు కనపడదు. ఎవరికి ఏది చెందాలో చూసి, ఇచ్చి, అప్పుడు వెళ్ళారు. తన వెనక ఉండిపోయేవాళ్ళకి చిక్కుముళ్ళు మిగల్చకపోవడం ఆయన స్వభావం అనిపిస్తుంది.

చెప్పులు లేని కాళ్ళు

1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళారు. 1940లలో మళ్ళీ వెళ్ళారు. మధ్యలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో, మన కృష్ణా జిల్లా కొమరవోలులో గ్రామసేవ చేశారు. కొమరవోలులో యెర్నేని సుబ్రహ్మణ్యం గారు పెట్టిన గాంధీ ఆశ్రమం ఉండేది. ఆ తరువాత నెల్లూరు చేరి ఊరూరా రాట్నం ప్రచారం చేశారు. శ్రీరాములు లాంటివాళ్ళు పదకొండు మంది ఉంటే ఏడాదిలో స్వరాజ్యం తెస్తానని గాంధీజీ అన్నారని చెప్పుకుంటారు.

నెల్లూరులో ఆయన్ని అందరూ అంత గొప్పగా ఏమీ చూడలేదు. హరిజనుల్ని గుళ్ళలోకి రానివ్వాలి, బావుల దగ్గరికి రానివ్వాలి అని అట్టల మీద రాసి మెడలో వేసుకుని వీధుల వెంట నడిచేవారు. కాళ్ళకి చెప్పులు లేవు, నెత్తిన గొడుగు లేదు. నెల్లూరు ఎండ సంగతి నేను చెప్పాలా! ఏ కులం వాళ్ళు పెట్టినా అన్నం తినేవారు. పిచ్చివాడని నవ్వుకున్నవాళ్ళే ఎక్కువ.

1946 మార్చి 7న మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని నిరాహారదీక్ష పట్టారు. గుడి తలుపులు తెరుచుకున్నాయి. అదే ఏడాది చివర్లో రాష్ట్రంలోని గుళ్ళన్నిటి కోసం మరో దీక్ష పట్టారు. అప్పుడు గాంధీజీ కలగజేసుకుని మానుకోమని కబురు పంపారు. ఆ మాట మీద శ్రీరాములు గారు విరమించారు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం తెచ్చింది.

ఎంత మొండి మనిషైనా, ఇక చాలు అని చెప్పగలిగిన ఒక్క గొంతు అప్పటికి ఉంది. 1948 జనవరి 30న ఆ గొంతు లేకుండా పోయింది.

రాయపేట హైరోడ్డు ఇల్లు

తెలుగువాళ్ళకి వేరే రాష్ట్రం కావాలన్న కోరిక అప్పటికి పాతదే. జవహర్‌లాల్, వల్లభభాయ్, పట్టాభి... ఈ ముగ్గురి కమిటీ 1949లో ఇచ్చిన నివేదికలో మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం గురించి ఆలోచించవచ్చని తేల్చింది. మన పెద్దలు మద్రాసును వదులుకోలేదు. పని ముందుకు సాగలేదు. 1951 ఆగస్టు 15న గొల్లపూడి సీతారామశాస్త్రి గారు, అంటే స్వామి సీతారాం, నిరాహారదీక్ష పట్టారు. 35 రోజుల తరువాత వినోబా భావే మాట మీద విరమించారు. అటుపైన మళ్ళీ అంతా చల్లారిపోయింది.

1952 అక్టోబరు 19న శ్రీరాములు గారు మద్రాసు మైలాపూరులో, 126 రాయపేట హైరోడ్డులోని బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో దీక్ష మొదలుపెట్టారు. మద్రాసు నగరంతో కూడిన ఆంధ్ర రాష్ట్రం కావాలి. ఆ మాట వచ్చేదాకా అన్నం ముట్టరు. వయసు 51.

ఇల్లు ఇచ్చిన సాంబమూర్తి గారు ఎవరనుకున్నారు? 1937 నుంచి మద్రాసు శాసనసభకి స్పీకరుగా ఉన్న పెద్దమనిషి. అంతకు ముందు, 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరగబోతుండగా ఆయన ఒక్కగానొక్క కొడుకు పోయాడు. ఆ దుఃఖం గుండెలో పెట్టుకుని సభల పనులన్నీ నడిపించారు. కన్నకొడుకుని పోగొట్టుకున్న అలాంటి మనిషి తన ఇంట్లో ఇంకొకరి కొడుకు రోజురోజుకీ కరిగిపోవడం చూడటానికి తలుపు తెరిచారు.

ఆ ఇంట్లో శ్రీరాములు గారు ఏం కోరుతున్నారో తెలియనివాళ్ళు లేరు. మంచి ఆరోగ్యంతో, తెలివితో ఉన్నప్పుడు ఆలోచించుకుని, పెద్దలకి ముందే తెలియజేసి, ఎక్కడ ఉండాలో, ఎవరి నీడన ఉండాలో ఎంచుకుని మొదలుపెట్టిన పని అది. ఏ షరతు మీద మొదలుపెట్టారో, ఏ షరతు మీద ఆపుతారో బయటివాళ్ళకీ తెలుసు. అందులో అనుమానానికి చోటు లేదు.

రోజులు గడిచాయి. మన నెల్లూరు వైపు, మద్రాసు వైపు అది వానల కాలం. ఇళ్ళల్లో కార్తీక సోమవారాలు వచ్చి వెళ్ళే రోజులవి. ఆ ఇంట్లో మంచం మీద మనిషి మాత్రం అలా చిక్కిపోతూ ఉన్నారు. మద్రాసు రాష్ట్రానికి అప్పుడు రాజాజీ ముఖ్యమంత్రి. ప్రభుత్వం కదలలేదు. ఇలాంటి దీక్షలకి తాను చలించననీ, పట్టించుకోదలచలేదనీ డిసెంబరు మొదట్లో నెహ్రూ గారు రాజాజీకి రాశారు. డిసెంబరు 12 నాటికి ఆయనే మనసు మార్చుకుని, ఆంధ్ర రాష్ట్రం కోరికను ఒప్పుకోక తప్పదన్న ధోరణిలో మళ్ళీ రాశారు. ఆ ఉత్తరం ఆ మంచం దాకా ఒక ప్రకటనగా చేరలేదు. ఆఖరికి శ్రీరాములు గారికి స్పృహ పోయింది. డిసెంబరు 15 రాత్రి పదకొండు దాటాక ప్రాణం పోయింది.

మరునాడు ఆ ఇంటి ముందుకి టంగుటూరి ప్రకాశం పంతులు గారు వచ్చారు. ఘంటసాల గారు వచ్చి గొంతెత్తి పాడారు. అంతిమయాత్ర మొదట చిన్నదే. పోతూ పోతూ జనసముద్రమైంది. వార్త తెలిసిన ఊళ్ళన్నీ భగ్గుమన్నాయి. మన నెల్లూరుతో సహా ఎన్నో చోట్ల పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. డిసెంబరు 19న నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. అందులో మద్రాసు నగరం లేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 2008లో మా జిల్లాకి ఆయన పేరు పెట్టారు. రాయపేట హైరోడ్డు ఇల్లు స్మారకమందిరం అయింది.

పక్కన కూర్చున్నవాళ్ళ సంగతి

మా అమ్మాయి వ్యాసం ఇక్కడితో అయిపోయింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ఆ 58 రోజులూ పక్కన కూర్చున్నవాళ్ళని తలచుకున్నాను. కాళ్ళు ఒత్తినవాళ్ళు, పెదాలు తడిపినవాళ్ళు, పక్క మార్చినవాళ్ళు. వాళ్ళకి మాత్రం చెయ్యి ఊరుకుంటుందా? ఒక గ్లాసుడు పాలు నోట్లో పోస్తే మనిషి దక్కుతాడేమో అని ఎన్ని రాత్రులు అనుకుని ఉంటారు! తల్లి మనసున్న ఎవరికైనా ఆ కోరిక పుట్టకుండా ఉండదు. ఆయన్ని ఆపి ఉండాల్సిందని అప్పుడూ అన్నవాళ్ళున్నారు, ఇప్పుడూ అనేవాళ్ళున్నారు. అందులో న్యాయం లేకపోలేదు.

కానీ ఒక్క తేడా. వాళ్ళు పడిన బాధ వేరు, మేం ఐసీయూ అద్దం బయట పడిన బాధ వేరు. వాళ్ళది ఆయన కోరుకున్నది మోయడంలోని బాధ. మాది అత్తయ్య ఏది కోరుకుందో తెలియని బాధ. మొదటిది బరువే. అయినా దాన్ని దించుకుని ఎప్పటికైనా లేవవచ్చు. రెండోదానికి అంతు లేదు. మావారు ఇప్పటికీ ఒక్కోసారి అన్నం ముందు కూర్చుని, మొదటి రోజే వద్దని గట్టిగా చెప్పాల్సిందేమో అంటారు. అటు బావగారు, ఇంకో నాలుగు రోజులు ఉంచితే లేచేదేమో అని తోడికోడలితో అంటారట. చెప్పవలసిన ఒక్క మనిషి చెప్పకుండా వెళ్ళిపోయింది. మేమూ అడగలేదు. చీర చూపించినప్పుడు నవ్వి, ఇప్పుడెందుకత్తయ్యా ఆ మాటలు అని ట్రంకు పెట్టె మూసింది నేనే.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. శ్రీరాములు గారి దీక్షకీ, జబ్బు మనిషి ఆఖరి రోజులకీ పోలిక పెట్టి ఎవరూ పొరపాటు పడకూడదు. ఆయనకి జబ్బు లేదు. మరో ఇరవై ఏళ్ళు బతకవలసిన మనిషి. పై నుంచి ఒక్క మాట సమయానికి వచ్చి ఉంటే బతికేవారు. అందుకే ఆ చావు ఈనాటికీ మనల్ని కలుక్కుమనిపిస్తుంది. ఎవరూ తిండి మానేసి ప్రాణం తీసుకోవాలని నేను చెప్పడం లేదు, చెప్పను. జబ్బు ముదిరి, ఏ మందూ తిరిగి లేపలేని స్థితిలో, మిషను మీద ఊపిరి ఎన్నాళ్ళు నడపాలన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఆయన జీవితం నుంచి నేను తీసుకున్నది ఒక్కటే. తెలివిగా ఉన్నప్పుడే ఆలోచించుకోవడం, నమ్మినవాళ్ళకి చెప్పడం, వాళ్ళని చీకట్లో వదలకపోవడం.

ఇప్పుడు చట్టం ఏమంటోంది?

ఆ ప్రశ్నకి మన దేశంలో ఇప్పుడు దారి ఉంది. చాలామంది ఆడవాళ్ళకి ఈ సంగతి తెలియదు. నాకూ అత్తయ్య పోయాకే తెలిసింది.

గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు ఇచ్చింది. ఇక కోలుకునే ఆశ లేని స్థితి వచ్చి, తాను మాట్లాడలేకపోతే ఎలాంటి వైద్యం వద్దో, ఏది ఆపాలో ముందుగానే రాసిపెట్టుకోవచ్చని చెప్పింది. మొదట పెట్టిన నియమాలు మరీ కష్టంగా ఉన్నాయని 2023 జనవరి 24న వాటిని సులువు చేసింది. మేజరై, మంచి తెలివితో ఉన్న ఎవరైనా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. నోటరీ దగ్గరో, గెజిటెడ్ ఆఫీసరు దగ్గరో ధ్రువీకరణ చేయించాలి. మన తరఫున మాట్లాడటానికి దగ్గరివాళ్ళ పేర్లు రాయాలి. ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయవచ్చు. ఒక ప్రతి ఊళ్ళోని పంచాయతీ లేదా మునిసిపాలిటీలో అందుకు నియమించిన అధికారికి, ఒకటి మన ఇంటి డాక్టరుకి ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు.

కాగితం ఉంది కదా అని వెంటనే మిషను తీసేస్తారని భయపడకండి. ముందు వైద్యం చేస్తున్న డాక్టరు, అనుభవమున్న మరో ఇద్దరు డాక్టర్లు కలిసి చూడాలి. ఆ తరువాత ఇంకో బోర్డు చూడాలి. అందులో జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరు ఒకరుంటారు. రెండు చోట్లా వీలైనంత వరకు 48 గంటల్లో చెప్పాలని నియమం. ఆస్పత్రివాళ్ళు మేజిస్ట్రేటుకి తెలియజెయ్యాలి. అసలు కాగితమే లేకపోయినా ఇంటివాళ్ళ ఒప్పుదలతో ఇదే పద్ధతి నడుస్తుంది. ఇంజెక్షను ఇచ్చి ప్రాణం తియ్యడం మాత్రం ఎప్పటికీ నేరమే. మిషను వద్దనడం వేరు, ప్రాణం తియ్యడం వేరు.

ఇంకొక అపోహ. మిషను వద్దంటే మనిషిని గాలికి వదిలెయ్యడం కాదు. నొప్పి తగ్గించే మందులు, ఆయాసం తగ్గించే మందులు, పుండ్లు పడకుండా పక్క మార్చడం, నోరు తడపడం, చెయ్యి పట్టుకుని కూర్చోవడం... ఈ వైద్యం ఆఖరి క్షణం దాకా సాగాల్సిందే. దీన్నే పాలియేటివ్ కేర్ అంటారు. క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్ ఆస్పత్రులకి తేలిగ్గా అందాలని 2014లో మత్తుమందుల చట్టాన్నే సవరించారు. అడిగితే కదా ఉన్న సంగతి తెలిసేది!

అమ్మని అడిగాను

ఈ ఆలోచనలన్నీ అయ్యాక ఊరెళ్ళి మా అమ్మని అడిగాను. ఎలా అడగాలో తెలియక రెండు రోజులు దాని చుట్టూనే తిరిగాను. చేపల పులుసు పొయ్యి మీద ఉంది. అమ్మ చింతపండు పిసుకుతోంది. అత్తయ్య సంగతి మొదలుపెట్టి, నీకైతే ఏం కావాలమ్మా అని మెల్లగా అడిగాను. కోప్పడుతుందనుకున్నాను. అమ్మ చెయ్యి ఆపలేదు. తనకి ఇంట్లోనే ఉండాలని ఉందని, సముద్రపు గాలి తగిలే వరండాలో మంచం వెయ్యమని, నొప్పి మాత్రం లేకుండా చూడమని, గొట్టాలు వద్దని చెప్పింది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదంది! మా అన్నయ్యని పిలిచి అతని ముందు మళ్ళీ చెప్పించాను. కాగితం రాయించే పని అన్నయ్య తీసుకున్నాడు.

మన ఇళ్ళల్లో ఈ మాటలు అమంగళమనుకుంటాం. కానీ మంగళసూత్రం నుంచి పట్టుచీర దాకా ఎవరికి చెందాలో మన పెద్దావిడలు నవ్వుతూనే చెబుతారు కదా! ఆ చెప్పే రోజునే, ఆ ట్రంకు పెట్టె ముందే ఈ ఒక్కమాట కూడా అడగండి. ఆడవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. జీవితమంతా మన వైద్యం సంగతి తండ్రో, భర్తో, కొడుకో తేలుస్తారు. ఆఖరి రోజుల్లో కూడా మన నోరు మనకి లేకుండా పోకూడదు. ఎవరి మాట వినాలో, ఎవరిని నమ్ముతామో మనమే చెప్పి పెట్టుకోవాలి. అది మగపిల్లాడే కానక్కరలేదు. ఎక్కువగా సేవ చేసేది కూతురో, కోడలో అయినప్పుడు ఆ మాట చెప్పే హక్కు కూడా వాళ్ళకి ఉండొద్దూ!

పోయిన డిసెంబరు 15న బావగారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. అమ్మాయి వక్తృత్వంలో ప్రైజు తెచ్చుకున్న పాత కాగితం చూపించింది. ఆయన దాన్ని చదివి, ఆ పక్కన కూర్చున్నవాళ్ళ గురించి నేను రాసిన నాలుగు వాక్యాల దగ్గర ఆగారు. ఏమీ అనలేదు. తరువాత మావారితో కలిసి వరండాలోకి వెళ్ళారు. ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

మావారూ నేనూ మా కాగితాలు రాసుకున్నాం. ఆఖరి చీర కొనుక్కునే వయసు నాకింకా రాలేదు. అత్తయ్య ట్రంకు పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది. కాగితం అందులోనే పెట్టాను. తాళం మాత్రం వెయ్యలేదు.